పది రోజుల పరిశీలన

నేను రాసిన అర్జీలకు ఇంతవరకు ఒక్క జవాబూ రాలేదు. తమిళంలో ఉన్న శిక్షణ పుస్తకం తెలుగులో ఇవ్వమన్నాను. శిక్షణకు హోసూరు నుంచి కృష్ణగిరికి రోజూ పోయి రావడం కష్టమన్నాను. ఎవరూ పలకలేదు. ఆ కోపాన్ని నాలుగేళ్లుగా భద్రంగా దాచుకున్నాను. దాని కింద ఇంకొకటి కూడా దాచాను. అదే బరువు. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు కనుక మీకే చెబుతున్నాను.

అప్పుడు హోసూరులో మూకండపల్లి దగ్గర ఒక తెలుగు బడిలో రెండో తరగతికి చెప్పేవాణ్ణి. చిన్నపిల్లలకు సైన్స్ ఎలా చెప్పాలో, మాట వినని పిల్లలతో ఎలా మెలగాలో కృష్ణగిరిలో శిక్షణ ఇచ్చారు. తర్వాత శిక్షకురాలు మా బడి చూడటానికి వస్తానంది. వయసులో నాకన్నా చాలా చిన్నది. ఆమె కోసమే గ్లాసుల్లో తడి దూది పెట్టి అనపగింజలు మొలకెత్తించి, గ్లాసులకు పేర్లు రాసి అతికించాను. ఆమె వచ్చేసరికి నా క్లాసులోని రేణుక మొలకలన్నీ పీకి బల్ల మీద వరుసగా పేర్చింది. రేణుకకు ఏడేళ్లు. అమ్మానాన్నలది ఫ్యాక్టరీ పని.

నేను చెయ్యెత్తాను. శిక్షకురాలు అడ్డొచ్చి ఆ పిల్ల పక్కన కూర్చుంది.

"ఏం చూస్తా ఉండావమ్మా?"

"అన్నిటికీ వేరు ఒగే పక్క వస్తాదా అని."

ఆమె నా వైపు తిరిగింది. "సార్, ఈ క్లాసులో సైన్స్ చేసేది ఈ పాప ఒగతే. మీరు గ్లాసులకు పేర్లు అతికిచ్చినారు, అంతే."

హెడ్మాస్టరూ, తోటి టీచర్లూ నవ్వారు. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

శిక్షణలో ఇచ్చిన పరిశీలన పత్రం ఒకటుంది. ఇబ్బంది పెట్టే బిడ్డను పది రోజులు గమనించి, ఏ రోజుది ఆ రోజే రాయాలి. మా రికార్డులన్నీ ఎలా రాస్తామో దాన్నీ అలాగే రాశాను, ఒకేసారి కూర్చుని, పెన్నులు మార్చి మార్చి. మధ్యాహ్న భోజనం గంటలో పది రోజులూ అయిపోయాయి. వస్తువులు పాడుచేస్తుంది. మాట వినదు. తోటి పిల్లలను కొరుకుతుంది. రేణుక ఎవరినీ కొరకలేదు. "దానికి ముందు ఏం జరిగింది" అన్న గడిలో పదిసార్లూ "ఏమీ లేదు" అని రాశాను. జరిగింది ఒకటే. నన్ను చూసి నలుగురు నవ్వారు.

నా అర్జీలు చదవనివాళ్లు ఆ అబద్ధాన్ని వారంలో చదివారు. ఈ పాపను మామూలు బడిలో ఉంచలేమని ఇంటికి కబురు పంపారు. తల్లి పని మధ్యలో కంపెనీ బట్టలతోనే వచ్చింది.

"సార్, ఎవుర్ని కొరికింది? ఆ బిడ్డ వాళ్లమ్మ కాళ్లు పట్టుకుంటాను."

"రాసిచ్చినాను గదమ్మా."

"మీరు రాసినారంటే నిజమే ఉంటాది లెండి. ఇంట్లో అంత లేదు సార్. బియ్యం ఏరతా గంట కూర్చుంటాది."

ఆమె నన్ను నమ్మింది.

రేణుకను అంచెట్టి దగ్గర అవ్వ ఊరికి పంపేశారు. పశువుల వెంట పోతోందని విన్నాను. ఒక ఆదివారం బస్సెక్కి వెళ్లాను కూడా. టీ కొట్టులో దారి అడిగాను, చూపించారు. నడవలేదు. రెండు గంటలు అక్కడే కూర్చుని తిరుగు బస్సెక్కాను. ఆ పిల్ల నన్ను గుర్తుపడుతుందని భయపడ్డానా? లేక ఇప్పుడిక ప్రశ్నలే అడగని పిల్లను చూడాల్సి వస్తుందనా? నాకే తెలియదు.

నలుగురిలో అనకుండా ఆ శిక్షకురాలు పక్కకు పిలిచి చెప్పి ఉంటే నేనింత చేసేవాణ్ణి కాదని ఈ రోజుకీ నా మనసు వాదిస్తుంది. దాన్ని దాస్తే ఇంకో అబద్ధం అవుతుంది కనుక రాస్తున్నాను. కానీ పెన్ను పట్టింది ఆమె కాదు.

మొన్న బడికీ, శిక్షణ కేంద్రానికీ సంతకం పెట్టి రాశాను, ఆ పత్రంలో ఉన్నది నా కల్పన అని. క్షమించమని అడగలేదు. ఏ శిక్ష వేసినా సరే. రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అది చెప్పుకోవడానికీ సిగ్గుగా ఉంది.

ఇంకా ఎవరూ పలకలేదు. రేణుకకు ఇప్పుడు పదకొండేళ్లు. ఎవరైనా అంచెట్టికి వెళ్లి ఆ అవ్వ తలుపు తట్టారా? ఆ పిల్లను మళ్లీ బడిలో చేర్చుకుంటారా, లేదా? ఇది చదివే మీరెవరైనా సరే, నాకు కాదు, వాళ్లమ్మకు జవాబు చెప్పండి.