వాయిదా రోజు పక్కన కూర్చునే మనిషి

బాబాయి పోయాడని ఫోను వచ్చేసరికి నేను రేపల్లెలో నా షాపులో కాలిపోయిన నీళ్ళ మోటారు విప్పుతున్నాను. ఫోను చేసింది భట్టిప్రోలు కుర్రాడు. ఆ మధ్యే కేసులో ఇరుక్కుని తెనాలిలో బాబాయి దగ్గరికి చేరినవాడు. "ఇస్త్రీ బండి దగ్గరే కూలబడిపోయాడన్నా. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. ఆయన ఫోన్లో మీ నంబరుంటే చేశా" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. అది ఇంకా తగ్గలేదు కాబట్టే ఇది రాస్తున్నాను. మెత్తటి మాటలు కావలసినవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు.

మర్నాడు నేను తెనాలి వెళ్ళేసరికే వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టేశారు. 'సంఘ సేవకునికి అశ్రునివాళి' అని రాయించారు. కట్టించిన పెద్దమనుషుల ఫొటోలు పోయినాయన ఫొటో కంటే పెద్దగా ఉన్నాయి. వాళ్ళలో ముగ్గురు, ఈయన దొంగల్ని పోగేస్తున్నాడు, బండి తీయించేయండి అని అర్జీ మీద సంతకాలు పెట్టినవాళ్ళు. నిన్నటిదాకా 'దొంగల బాబాయి' అన్న నోళ్ళు ఒక్క రాత్రిలో ఎలా కడుక్కున్నారో నాకు అర్థం కాలేదు.

ఆయన సంఘాన్ని సేవించలేదు. బట్టలు ఇస్త్రీ చేసుకు బతికాడు. కేసులున్న కుర్రాళ్ళకి వాయిదా రోజున తోడు వెళ్ళేవాడు. వాళ్ళందరికీ బాబాయే, నాకూ అంతే, చుట్టం కాదు. ముందు రోజు సాయంత్రం కుర్రాడు చొక్కా తెచ్చిస్తే మడత నలగకుండా చేసి పెట్టేవాడు. పొద్దున్నే బండి మీద పట్టా కప్పి, వాణ్ణి వెంటబెట్టుకుని కోర్టుకి నడిచేవాడు. పేరు పిలిచేదాకా వరండాలో బల్ల మీద పక్కనే కూర్చునేవాడు. మధ్యాహ్నమైనా సాయంత్రమైనా లేచేవాడు కాదు. "కేసు సంగతి లాయరు చూసుకుంటాడు. నువ్వు పారిపోకుండా చూడ్డం నా పని" అనేవాడు.

ఆయనకి ఆ బల్ల కొత్త కాదు. ఆయనది బాపట్ల దగ్గర పల్లె. కుర్రతనంలో చేలోకి నీళ్ళు పెట్టుకునే దగ్గర తగాదా వచ్చి కర్ర ఎత్తాడు. అవతలి మనిషి మళ్ళీ లేవలేదు. ఏడేళ్ళు జైల్లో ఉన్నాడు. ఇస్త్రీ అక్కడే నేర్చుకున్నాడు. బయటికొచ్చాక ఊరు రానివ్వలేదు. తెనాలిలో దిగిపోయాడు.

మంచివాడని రాయమంటే రాయను. నోరు మంచిది కాదు. టీ చల్లారితే కొట్టువాణ్ణి తిట్టేవాడు, చెప్పులీడ్చుకుంటూ నడిస్తే మమ్మల్ని తిట్టేవాడు. ఎవరైనా కాళ్ళకి దణ్ణం పెట్టబోతే బొగ్గుల పెట్టె అడ్డం పెట్టేవాడు. "ఆ వంగేదేదో జడ్జిగారి ముందు వంగు, పనికొస్తది" అనేవాడు. ఒకసారి మెచ్చుకుంటాడేమోనని పదకొండు నెలలు చూశాను. మెచ్చుకోలేదు.

నా సంగతి చెప్పాలి. పందొమ్మిదేళ్ళప్పుడు ఇద్దరు స్నేహితులతో కలిసి తెనాలి స్టేషను దగ్గర మోటారు సైకిలు దొంగిలించాను. నలభై రోజులు లోపల ఉన్నాను. బెయిలు మీద వచ్చాక రెండు వాయిదాలకి బాబాయి వెంట వెళ్ళి మూడోది ఎగ్గొట్టాను. వెళ్ళకుండా ఉంటే కేసు పాతబడి దానంతటదే పోతుందని మా వీధిలో అనుభవజ్ఞుడొకడు చెప్పాడు. మా బోటి కుర్రాళ్ళందరూ నమ్మే మాట అది. భట్టిప్రోలులో మా అత్త ఇంట్లో దాక్కున్నాను. నా మీద వారెంటు పుట్టింది.

మూడో రోజు పొద్దున బాబాయి బస్సు దిగి వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మం ముందు నిలబడి, "కేసు పాతబడదురా అబ్బాయ్. మనమే పాతబడి పోతాం. పద" అన్నాడు.

నేను అన్న మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను. "మనిషిని చంపినోడివి, నువ్వా నాకు చెప్పేది?" అన్నాను. మా అత్త నా చెంప మీద కొట్టబోయింది. ఆయన వారించాడు.

"నేనే చెప్పాలి. తెల్ల చొక్కావాళ్ళు చెప్తే నువ్వు వినవు. నేనూ ఇట్టాగే రెండు వాయిదాలు ఎగ్గొట్టా. బెయిలు తీసేసి లోపలేశారు. మా అమ్మ పోతే, మట్టి చేసిన నాలుగో రోజుక్కానీ నాకు తెలీలా" అని, వెళ్ళి ఎదురుగా టీకొట్టు బల్ల మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం ఎండ కాళ్ళ మీదికి వచ్చింది. ఆయన కదల్లేదు. మూడింటికి నేనే చొక్కా తొడుక్కుని వెళ్ళాను. మర్నాడు లాయరు వారెంటు రద్దు చేయించాడు. ఏడాదికి అటూ ఇటూగా కేసు కొట్టేశారు. ఆ ఏడాదిలో ఒక్క వాయిదాకి కూడా నేను ఒంటరిగా వెళ్ళలేదు.

తరవాత రేపల్లె వచ్చి మోటార్లకి వైండింగ్ నేర్చుకున్నాను. షాపు పెట్టాను. చీరాలలో మగ్గాలవాళ్ళ అమ్మాయిని చేసుకున్నాను. ఈ కథ ఆమెకి చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

పోయేముందు బాబాయి మూడుసార్లు ఫోను చేశాడు. "భట్టిప్రోల్లో ఒక కుర్రాడున్నాడు. వాయిదా రోజు తెల్లారితే ఎటో పోతన్నాడు. నువ్వు రేపల్లెలో బస్సెక్కు, వాడు భట్టిప్రోల్లో ఎక్కుతాడు. పక్కన కూర్చుంటే చాలు. నేను చెప్తే ముసలాడి సోది అంటన్నాడు. నువ్వు నిలబడ్డవాడివి, నిన్ను చూస్తే నమ్ముతాడు" అన్నాడు.

మూడోసారి విసుక్కున్నాను. "నాకూ పెళ్ళాం పిల్లలున్నారు బాబాయ్. ఆ బురదలోకి మళ్ళీ నన్నెందుకు లాగుతావ్?" అన్నాను. "సరేలేరా" అని పెట్టేశాడు. ఆ వయసులో తెనాలి నుంచి భట్టిప్రోలు వచ్చి, ఆ కుర్రాణ్ణి ఎక్కించుకుని, అదే దారిన మళ్ళీ తెనాలి వెళ్ళాడు. నేను కూర్చోవలసిన సీట్లో ఆయన కూర్చున్నాడు. అది ఆయన చివరి వాయిదా.

శవం దగ్గరికి బాపట్ల నుంచి ఒక్కడూ రాలేదు. కేసుల కుర్రాళ్ళు పది పన్నెండు మంది వచ్చారు. వీధి పెద్ద ఒకాయన వాళ్ళని అవతలికి పొమ్మని, ఉతికిన చొక్కాలో ఉన్న నన్ను పట్టుకున్నాడు. "మీరు బంధువులాండి?"

"లేదండి. బట్టలు ఇస్త్రీకి ఇచ్చేవాణ్ణి" అన్నాను.

"అయితే ఒక భుజం పట్టండి. ఆ వెధవలు పాడె ముట్టుకోకుండా" అన్నాడు.

పట్టాను. భట్టిప్రోలు కుర్రాడు నా వెనకే ఉన్నాడు, అంతా విన్నాడు. రోడ్డు అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. నేను పెద్దమనుషుల్లో ఒకడిగా బాబాయిని మోశాను. ఫ్లెక్సీలో నా ఫొటో ఒక్కటే తక్కువ.

వాడి వాయిదా రెండు వారాలకి పడింది. ముందు రోజు మా ఆవిడకి అంతా చెప్పాను. "దొంగతనం చేసినందుక్కాదు. ఇన్నేళ్ళు నన్ను పరాయిదాన్ని చేసినందుకు" అని లేచి వెళ్ళిపోయింది. ఇప్పటికీ ముభావంగానే ఉంటుంది.

పొద్దున్నే రేపల్లెలో బస్సెక్కాను. ముందు సీట్లో నాకు మోటార్లు పంపే రైస్‌మిల్లు యజమాని ఉన్నాడు. భట్టిప్రోల్లో వాడు ఎక్కాడు. ఎక్కుతాడనుకోలేదు. నా పక్క సీటు ఖాళీగా ఉన్నా రాడ్డు పట్టుకుని నిలబడ్డాడు.

"కూర్చో. నీతో కోర్టుకి వస్తన్నా" అన్నాను.

"నువ్వెందుకు? ఇస్త్రీకి బట్టలిచ్చేవాడివి కదా" అన్నాడు, బస్సంతా వినేట్టు.

"అబద్ధం చెప్పా. బండి దొంగతనం కేసులో నలభై రోజులు లోపలున్నా. ఆయనే నన్ను కోర్టుకి తీసుకెళ్ళాడు."

మిల్లు యజమాని వెనక్కి తిరిగి నన్ను చూశాడు. మళ్ళీ ముందుకి తిరిగాడు. ఆ రోజు నుంచి ఆయన మిల్లు మోటార్లు నా షాపుకి రావడం లేదు. రాకపోతే పోనీ.

కుర్రాడు మాత్రం కూర్చోలేదు. వేమూరు దాటినా నిలబడే ఉన్నాడు. తెనాలి బస్టాండులో అందరికంటే ముందు తలుపు దగ్గరికి తోసుకుపోయాడు. పారిపోతాడనుకున్నాను. నా ముందు బస్తాలవాళ్ళు అడ్డం, నేను లేవలేకపోయాను. మనుషుల సందులోంచి చూస్తే వాడు ఆఖరి మెట్టు మీద ఆగిపోయి ఉన్నాడు. ఎక్కేవాళ్ళు తిడుతున్నారు, దిగేవాళ్ళు తోస్తున్నారు, "దిగవయ్యా బాబూ" అని కండక్టరు అరుస్తున్నాడు. వాడు రెండు చేతులతో తలుపు పట్టుకుని, మెడ తిప్పి, నా కోసం చూస్తున్నాడు.