విరిచిన బెండకాయలు

మా తమ్ముడి భార్య వేవిళ్లతో మంచం పట్టిందని ఆస్ట్రేలియా నుంచి ఫోనొచ్చింది. వాళ్లమ్మగారికి వీసా రాలేదు. నాకు వచ్చింది. తల్లి వెళ్లాల్సిన చోటికి ఆడబిడ్డ వెళితే ఎలా ఉంటుందో నాకు తెలియక కాదు. ‘ఆడబిడ్డ అర్ధమొగుడు’ అనే మాట ఊరికే పుట్టలేదు. అయినా ఆటోనగర్‌లో స్పేర్ పార్ట్స్ కొట్టు నడుపుతూ లారీ డ్రైవర్లతో రోజూ బేరమాడి నెగ్గేదాన్ని, మూడో నెల కడుపుతో ఉన్న పిల్లకు నాలుగు ముద్దలు తినిపించలేనా అనుకుని విమానం ఎక్కాను.

తినిపించలేకపోయాను. చారు పెట్టాను, మజ్జిగ పులుసు చేశాను, మెత్తగా ఇడ్లీలు వేశాను. ఆ అమ్మాయిది కూచిపూడి పక్క పల్లెటూరు, మర్యాద తెలిసిన పిల్ల. ఏది పెట్టినా “బాగుందండీ వదినగారూ” అనేది. రెండు మెతుకులు నోట్లో వేసుకుని కంచం పక్కన పెట్టేది. తాలింపు వాసన సోకితే చాలు, బాత్రూమ్‌లోకి పరుగు. ఏం తినాలనుందో చెప్పమ్మా అంటే, “మీరేది చేస్తే అదేనండీ” అనేది. మనిషి రోజురోజుకీ చిక్కిపోతోంది. ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి సెలైన్ ఎక్కించాలని డాక్టరు చెప్పింది. నాకు భయం వేసింది. భయంతోపాటు ఆ మర్యాద మీద ఒళ్లు మండింది. కడుపుతో ఉన్న పిల్ల ఫలానాది కావాలని మంకుపట్టు పట్టాలి గానీ, పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు ఈ తలూపడమేమిటి?

శనివారం పొద్దున తమ్ముడు నన్ను రైతుల సంతకి తీసుకెళ్లాడు. ఒక బడి ఆటస్థలంలో గుడారాలు వేసుకుని రైతులే అమ్ముకుంటారు. మన రైతుబజారే అనుకోండి, అరుపులు లేవంతే. మట్టి అంటిన ముల్లంగి దుంపలు, కోసి పెట్టిన గుమ్మడి చెక్కలు చూసేసరికి, వచ్చిన ఇన్నాళ్లకి నాకు కాస్త ధైర్యం చిక్కింది. సూపర్ మార్కెట్లో అన్నీ ప్లాస్టిక్ సంచుల్లో ఉంటాయి, వాటితో నాకు మాటల్లేవు.

ఒక బల్ల మీద బెండకాయలు పోసి ఉన్నాయి. చెయ్యి ఆగుతుందా? ఒక్కో కాయా తీసి కొన విరవడం మొదలుపెట్టాను. టప్పున విరిగితే లేత, వంగితే ముదురు. బెజవాడలో అయితే అమ్మే ఆవిడే విరిచి చూపిస్తుంది. ఇక్కడ టోపీ పెట్టుకున్న పెద్దాయన నా చేతుల వైపు చూస్తూ నిలబడిపోయాడు. తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఇక్కడ అలా విరవకూడదక్కా. విరిచినవన్నీ మనమే తీసుకోవాలి.”

“విరవకుండా లేతో ముదురో ఎలా తెలుస్తుందిరా?”

“నమ్మి తీసుకుంటారు.”

“బెండకాయని నమ్మడమేంట్రా?”

పెద్దాయన ఏమిటని అడిగాడు. తమ్ముడు సిగ్గుపడుతూ సంగతి చెప్పాడు. ఆయన తనూ ఒక కాయ కొన విరిచాడు. అది వంగింది. పక్కన పారేసి నవ్వాడు. నవ్వే మనిషి దొరికాక నేను ఆగను. ఇంట్లో పిల్ల ఏమీ తినడం లేదని, పుల్లటి ఆకుకూర ఏదైనా ఉందేమో అడగమని తమ్ముణ్ణి పోరాను. గోంగూర అంటే ఆయనకి ఏం తెలుస్తుంది? వాడు ఇంగ్లీషులో తడుముకుంటుంటే, నేనే చింతకాయ కొరికినట్టు కళ్లు మూసి, మొహం ముడిచి లొట్ట వేసి చూపించాను. ఆయనకి వెంటనే అర్థమైంది. బల్ల కింద బుట్టలోంచి ఒక ఆకు కట్ట తీసి నా చేతిలో పెట్టాడు.

చూడటానికి బారుగా, పాలకూరలా ఉంది. కొస తుంచి నమిలాను. నాలుక జివ్వుమంది. చుక్కకూర. మన ఆకు గుండ్రంగా ఉంటుంది, ఇది పొడుగు, పులుపు మాత్రం అదే. సంత మధ్యలో నిలబడి ఇంకో ఆకు తిన్నాను. విరిచిన బెండకాయలన్నీ సంచిలో వేసుకుని ఇంటికొచ్చాం.

కందిపప్పులో పచ్చిమిరపకాయలూ ఆకూ వేసి ఉడికించాను. తాలింపు దగ్గరికొచ్చేసరికి చిన్న కరెంటు పొయ్యి బాల్కనీలో పెట్టి, తలుపు మూసి, వెల్లుల్లి అక్కడే వేయించాను. ఎదురింటావిడ కిటికీలోంచి తొంగి చూసింది. చూడనీ.

కంచం పెట్టి పక్కనే కూర్చున్నాను. మరదలు మొదటి ముద్ద నెమ్మదిగా నమిలింది. రెండోది కలుపుకుంది. బాత్రూమ్ వైపు చూడలేదు. ఆ ‘బాగుందండీ’ ఎప్పుడొస్తుందా, కంచం ఎప్పుడు పక్కకి జరుగుతుందా అని చూస్తూనే ఉన్నాను. మూడో ముద్ద మింగి, నా వైపు తిరిగింది.

“పులుపు చాలలేదు వదినా. పప్పెక్కువైంది. మా ఇంట్లో ఆకే ఎక్కువ వేస్తారు.”

నా వంటకు వంక పెట్టినవాళ్లని ఊరికే వదిలే మనిషిని కాను. ఆ పూట మాత్రం నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంకో గరిటె వడ్డించాను.

“రేపు పక్కన కూర్చుని చెప్పు. నీకెంత కావాలో అంత ఆకు వేస్తాను.”

“రేపటిదాకా ఎందుకు వదినా? రాత్రికే చెయ్యండి” అంది, తల ఎత్తకుండా తింటూ.