వాన వడితే సముద్రం తడుస్తదా

వాన ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు ఆగుతుందో ఇప్పుడు జేబులోని ఫోనే చెప్పేస్తోంది గానీ, ఆ రోజుల్లో వాన అనేది టీవీలో వార్తలు చదివే అమ్మాయికీ బంగాళాఖాతానికీ మధ్య వ్యవహారంగా ఉండేది. "కోస్తాలో అక్కడక్కడ భారీ వర్షాలు" అని ఆమె చెప్పేది. ఆ అక్కడక్కడ అంటే ఎక్కడెక్కడో తేల్చుకునేలోపు ఆమె బంగారం ధరల్లోకి వెళ్లిపోయేది. ధైర్యమున్నవాళ్లు ఛానెల్ మార్చి పాటలు పెట్టుకునేవాళ్లు. నాలాంటివాళ్లు మాత్రం ఆ అక్కడక్కడలో తమ రైలూ, తాము దిగబోయే స్టేషనూ, తాము తీసుకోబోయే గదీ తప్పకుండా ఉన్నాయని నమ్మి, తింటున్న కంచం ముందు అలాగే కూర్చుండిపోయేవాళ్లు.

నా భయానికి నా ఉద్యోగం కూడా కొంత కారణమని ఇప్పటికీ వాదిస్తుంటాను. నాచారంలో మందు సీసాలకు మూతలు చేసే ఫ్యాక్టరీ మాది. మూతను సీసాకు బిగించి, సీసాను తలకిందులు చేసి, నీళ్లు కారుతున్నాయేమో చూడటం నా పని. రోజుకు ఎనిమిది గంటలు నీళ్లు కారతాయని అనుమానించి జీతం తీసుకునేవాణ్ణి. ఆ అనుమానం ఇంటికొచ్చాక కూడా దిగేది కాదు. (నడి వేసవిలో గొడుగుతో డ్యూటీకొచ్చేవాణ్ణి నేనొక్కణ్ణేనని మా వాచ్‌మన్ అందరికీ చెప్పేవాడు. ఎండకు తెచ్చుకున్నానని నేను చెప్పేవాణ్ణి. ఎవరూ నమ్మలేదు.)

అప్పటికి మాకు పెళ్లయి ఏడాది. ఉప్పల్లో ఒక ఇంటి పైభాగంలో రెండు గదులు తీసుకుని ఉండేవాళ్లం. మా ఆవిడది నల్లగొండ వైపు పల్లెటూరు. చిన్నప్పుడు బడివాళ్లు నాగార్జునసాగర్ తీసుకెళ్తే, సాగర్ అన్నారు కదా అని అదే సముద్రమనుకుని ఊరంతా చెప్పుకుందట. తర్వాత తరగతిలో సారు సముద్రం చూసినవాళ్లు చేతులెత్తమంటే ధీమాగా ఎత్తింది. ఆ నవ్వులు ఆమె మరిచిపోలేదు. పెళ్లయిన ఏడాదిలో ఆమె నన్ను అడిగింది ఒకే ఒక్కటి, అసలు సముద్రం చూపించమని. సరే అన్నాను. దీపావళి వెళ్లిన వారం నాలుగు రోజులు లీవు పెట్టి, గురువారం సాయంత్రం విశాఖపట్నం రైలుకు రెండు బెర్తులు రిజర్వు చేయించాను. ఆమె వాళ్లమ్మకు చెప్పింది, అక్కకు చెప్పింది, పాలుపోసే ఆమెకు చెప్పింది. అంతవరకు బాగానే ఉంది.

సోమవారం పొద్దున అల్పపీడనం పుట్టింది.

ఆ వార్త నాకు చెప్పింది మా ఇంటి ఓనరు. ఆయన కాకినాడలో లెక్కలు చెప్పి రిటైరై, ఉప్పల్లో ఇల్లు కట్టుకున్న మాస్టారు. కింద వరండాలో కుర్చీ వేసుకుని తుఫాన్ల మీద మాట్లాడటం మొదలుపెడితే, గేటు దాటి బయటికి పోవడం ఎవరివల్లా అయ్యేది కాదు. "అల్పపీడనం అంటే ఇంకా చిన్నపిల్లనుకోవోయ్ అబ్బాయ్" అన్నారు. "వాయుగుండమైందనుకో, పెళ్లీడుకొచ్చిందన్నమాట. తుఫాననుకో, ఇంక అత్తారింటికి బయల్దేరినట్టే. ఆ అత్తారిల్లు ఏ ఊరో ముందే చెప్పేవాడు ఇంతవరకూ పుట్టలేదు." తర్వాత తన చిన్నప్పుడొచ్చిన తుఫానులో పెంకుటిళ్ల కప్పులు ఎలా లేచిపోయాయో, కొబ్బరిచెట్లు ఎలా పడుకున్నాయో చెప్పారు. రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో ఊయలలా వేలాడాయని చెప్పారు. నేను ఆ ఊయల మీద మా రైలును ఊహించుకుంటూ డ్యూటీకి వెళ్లాను. ఆ రోజు బాగున్న మూతలు కూడా పనికిరావని పక్కన పడేశానట. సూపర్‌వైజర్ వచ్చి మళ్లీ ఏరించాడు.

సాయంత్రం మా ఆవిడతో మెల్లగా అన్నాను. "వానలంటున్నరు. ఇంకోసారి పోదామా?"

ఆమె బట్టలు మడతపెడుతోంది. తలెత్తకుండానే "వాన వడితే వడనియ్. వాన వడితే సముద్రం తడుస్తదా?" అంది.

 మంగళవారం అంతా, మూతలు బిగిస్తూ, దానికి జవాబు వెతుక్కున్నాను. బుధవారం పొద్దున వార్తల్లో అల్పపీడనం వాయుగుండమైంది. రేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని చెప్పారు. కిందికి దిగితే మాస్టారు ఏమీ మాట్లాడలేదు. నన్ను చూసి తల మాత్రం ఊపారు. అంత మాట్లాడే మనిషి మాట్లాడకపోవడమే నాకు చాలింది. మధ్యాహ్నం కడుపునొప్పని పర్మిషన్ తీసుకుని, సికింద్రాబాద్ స్టేషన్‌కు వెళ్లి, టికెట్లు క్యాన్సిల్ చేసేశాను. కౌంటర్లో ఆయన "రేపటిదే కదా, ఆలోచించుకున్నారా?" అని కూడా అడిగాడు. ఆలోచించుకున్నానన్నాను. నిజానికి మూడు రోజులుగా నేను చేస్తున్నది ఆలోచన కాదు, వణుకు.

బయటికి రాగానే ఇంకో భయం పట్టుకుంది. ఈ మాట ఇంట్లో ఎలా చెప్పాలి? బస్సులో హబ్సిగూడ వచ్చేవరకు రకరకాలుగా అనుకున్నాను. రైలే రద్దయిందందామంటే మాస్టారు టీవీ చూస్తారు. టికెట్లు పోయాయందామంటే ఆమె ఇల్లంతా వెతుకుతుంది. చివరికి, ఎదురు తిరిగి మాట్లాడే అవకాశం లేని మనిషి మీదికి నెట్టడం మంచిదనిపించింది. అలాంటి మనిషి మా ఫ్యాక్టరీలో ఒకరున్నారు. మా మేనేజర్. ఆయన్ను పెద్దసారు అనేవాళ్లం. మనిషి నవ్వగా చూసినవాళ్లు లేరు. నా లీవు కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు కూడా పెన్ను విరిగిపోతుందేమో అన్నట్టు పెట్టారు.

ఇంటికెళ్లేసరికి గదంతా నూనె వాసన. రైల్లోకని మురుకులు చేస్తోంది. "లీవు క్యాన్సిల్ చేసిండు పెద్దసారు. పని ఎక్కువున్నదట" అన్నాను, చెప్పులు విప్పుతూ, గోడవైపు చూస్తూ. ఆమె ఏడుస్తుందనుకున్నాను, కోప్పడుతుందనుకున్నాను. ఆమె కాసేపు నన్ను చూసి, "గట్లనా" అంది. స్టవ్వు ఆర్పేసింది. మిగిలిన పిండి మీద పళ్లెం మూత పెట్టింది. ఆ 'గట్లనా' తర్వాత నేను కంచం ముందు నుంచి తినకుండానే లేచాను.

గురువారం తెల్లారింది. ఉప్పల్ మీద ఎండ ఎలా కాసిందంటే, దీపావళికి ఉతికి ఆరేసిన దుప్పట్లు మళ్లీ ఆరేసుకోవచ్చు. మాస్టారు కిందినుంచే, "ఏవోయ్ అబ్బాయ్, వాయుగుండం నీరసపడిందిట, ఒరిస్సా వైపు తిరిగిందిట. నీ అదృష్టం" అన్నారు. నేను నా అదృష్టాన్ని టిఫిన్ బాక్సులో పెట్టుకుని డ్యూటీకి వెళ్లాను. అక్కడ అసలు చిక్కు. నా లీవు మంజూరై ఉంది కదా. వాచ్‌మన్ ఆపి, "లీవు వెట్టినోనివి ఎందుకొచ్చినవ్?" అన్నాడు. ప్రయాణం తప్పిపోయిందని గొణిగి లోపలికి పోయాను. (లీవు రోజున డ్యూటీకొచ్చినందుకు సూపర్‌వైజర్ నన్ను నలుగురి ముందు మెచ్చుకున్నాడు. బతుకులో నాకు దక్కిన మొదటి మెప్పు అది.)

పదకొండింటికి వాచ్‌మన్ లోపలికొచ్చాడు. "మీ ఇంటామె వచ్చింది. పెద్దసార్‌ను కలవాలన్నది. పంపిన."

చేతిలో సీసా తలకిందులుగా ఉంది. దాన్ని అలాగే బల్ల మీద పెట్టి పరిగెత్తాను. అప్పటికే ఆమె పెద్దసారు గదిలో, కుర్చీ ముందు నిలబడి ఉంది. ఉప్పల్లో బస్సెక్కి, హబ్సిగూడలో దిగి, నాచారానికి షేర్ ఆటో పట్టుకుని, దారి అడుక్కుంటూ వచ్చిందట. చేతిలో మురుకుల డబ్బా. నేను తలుపు దగ్గరే ఆగిపోయాను.

"సార్, తప్పుగ అనుకోకున్రి" అంటోంది ఆమె. "మా ఆయనకు పనంటే పానం. మీరు లీవు క్యాన్సిల్ జేసినా ఒక్కమాట అనలేదు. నిన్న అన్నం గూడ తినలేదు సార్, అంత బాధ వడ్డడు. రెండు రోజులన్న ఇయ్యున్రి. ఆయన వాపసొచ్చినంక ఆదివారం గూడ పని జేపిచ్చుకోన్రి."

పెద్దసారు ఆమెను చూశారు. తర్వాత ఆమె భుజం మీదుగా నన్ను చూశారు. అంత నెమ్మదిగా ఒక మనిషి ఇంకో మనిషిని చూడటం నేనెప్పుడూ ఎరగను. సొరుగు లాగారు. అందులో నా లీవు కాగితం ఉందని నాకు తెలుసు, మీద ఆయన సంతకం ఉందనీ తెలుసు. అది తీసి బల్ల మీద పెడతారు, ఆమె చదువుతుంది, అంతే. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవచ్చు. ఆమె నమ్మకం పోతే ఎక్కడ చూసుకోవాలి? నా వీపు మీద చెమట బొట్టు ఒకటి కిందికి జారుతుంటే అది ఎక్కడిదాకా వచ్చిందో కూడా తెలుస్తోంది.

పెద్దసారు సొరుగులోంచి కళ్లజోడు తీసి పెట్టుకున్నారు. సొరుగు మూసేశారు.

"నాదే పొరపాటమ్మా" అన్నారు. "లీవు ఇస్తున్న. రెండు కాదు, నాలుగు రోజులు. ఈ క్షణమే పొమ్మను." డబ్బా మూత తీసి ఒక మురుకు విరిచి నోట్లో వేసుకుని, నావైపు చూడకుండా, "వచ్చినంక సోమవారం ఒకసారి కనవడు" అన్నారు.

అలా ఒకే లీవు నాకు రెండుసార్లు మంజూరైంది. గేటు దాటాక ఆమె మొహం చూడాల్సింది. ఆటో కోసం చెయ్యెత్తుతూ, "మంచోడే పాపం. నువ్వే ఊకె బయపడ్తవ్. టికెట్లు బీరువల ఉన్నయా, నీ జేబుల ఉన్నయా?" అంది.

ఆటో ఆగింది. నేను ఎక్కలేదు. ఆటోవాణ్ణి పొమ్మన్నాను. నాచారం రోడ్డు పక్కన, లారీల దుమ్ములో నిలబడి మొత్తం చెప్పేశాను, స్టేషనూ, కౌంటరూ, వాయుగుండమూ, పట్టాల ఊయలతో సహా. ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని విన్నది. దుమ్ముకో, నన్ను చూడలేకో తెలియలేదు. రెండు బస్సులు వెళ్లిపోయాయి.

"బయమైతే బయమని చెప్పరాదు" అంది చివరికి. "నేను నవ్వుతనా? సారు మీద వెట్టినవ్. నేనేమో పోయి ఆ సారు ముంగట చేతులు కట్టుకున్న."

"తప్పయింది" అన్నాను.

"వానకు బయపడ్డందుకు కాదు" అని ఆమె కొంగు దించింది. "నాకు బయపడ్డవ్ సూడు, గందుకు కోపం."

మూడో బస్సుకు ఆమే చెయ్యెత్తింది. ఇంట్లో అడుగు పెట్టగానే సంచీ భుజానికి తగిలించుకుని "నడువ్" అంది. టికెట్ల మాట ఎత్తబోతే, "జనరల్ డబ్బల మనుషులు పోతలేరా?" అంది. సాయంత్రం అదే రైలెక్కాం. ప్లాట్‌ఫాం మీద మా బోగీ పక్కనుంచే నడిచాం. మా బెర్తులు దొరికిన ఇద్దరు పెద్దమనుషులు కిటికీ పక్కన తీరిగ్గా అరటిపళ్లు తింటున్నారు. మా ఆవిడ వాళ్లను చూసి, తర్వాత నన్ను చూసింది. జనరల్ డబ్బాలో తెల్లారేవరకూ ఆమె సంచీ మీద కూర్చుంది. నేను ఒంటికాలి మీద నిలబడ్డాను. రెండో కాలికి చోటు రాజమండ్రి దాటాక దొరికింది.

విశాఖపట్నంలో వాన పడుతూనే ఉంది. తుఫాను కాదు, పెంకులు లేవలేదు, చెట్లు పడలేదు. ఆగకుండా, విసుగు లేకుండా పడే మామూలు వాన. బీచ్ రోడ్డు మీద మనిషి లేడు. ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని ఇసుకలోకి దిగిపోయింది. నేను టీకొట్టు రేకుల కింద నిలబడి, జలుబు చేస్తుందనీ, అల దగ్గరికి పోవద్దనీ అరుస్తూనే ఉన్నాను. నీళ్లలో మోకాళ్లదాకా నిలబడి ఆమె చాలాసేపు కదల్లేదు. నేనే ఉండబట్టలేక తడుస్తూ దగ్గరికి వెళ్లాను. ఆమె ఒక చేయి పైకెత్తి ఉంది, బళ్లో ఎత్తినట్టు. నన్ను చూసి దించేసింది. "అటు ఒడ్డు లేదు" అంది, ఎవరికో జవాబు చెబుతున్నట్టు. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. కోపం పోయిందని అప్పుడు తెలిసింది. (జలుబు చేసింది నాకే. మిగిలిన రెండు రోజులూ లాడ్జి గదిలో ఆవిరి పట్టించుకుంటూ పడుకున్నాను. ఆమె మాత్రం పూటకోసారి వెళ్లి సముద్రం చూసి వచ్చేది.)

సోమవారం పెద్దసారు గదికి వెళ్లాను. ఆయన తల ఎత్తకుండా, "సముద్రం చూసిందా?" అని ఒక్కటే అడిగారు. చూసిందన్నాను. "పో" అన్నారు.

పోయినేడు ఆమెకు పిత్తాశయంలో రాళ్లని ఆపరేషన్ చేశారు. స్ట్రెచర్ మీద లోపలికి తీసుకెళ్లేముందు నేను ఆమె చెవి దగ్గర వంగి, "నాకు బయమైతుంది" అన్నాను. ఈ ఇరవై ఏళ్లలో ఆ మాట చెప్పడంలో నాకు మంచి సాధన ఉంది. మా అమ్మాయి పరీక్షలకు చెప్పాను, అది స్కూటీ నేర్చుకున్నప్పుడు చెప్పాను, లిఫ్టు ఆగిపోయినప్పుడు చెప్పాను. "నాకు గూడ" అని ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. పక్కనున్న నర్సమ్మ పాలిపోయిన నా మొహాన్నీ, స్ట్రెచర్ మీద నవ్వుతున్న మా ఆవిడనూ ఒకసారి చూసుకుని, చేతిలోని కాగితం మళ్లీ చదువుకుంది.

"సార్, పేషెంటు ఈమెనే కదా?" అంది.