మేళం గేటు దగ్గరే ఆగిపోయిన పెళ్లి

మా చిన్నప్పుడు రాయ్‌పూర్‌లో పాట వినాలంటే ఇంట్లో టేప్‌రికార్డరు ఉండేది... చూడాలంటే మాత్రం రోడ్డెక్కాల్సిందే. దూరం నుంచి పెళ్లి ఊరేగింపు డ్రమ్ము వినిపిస్తే చాలు, కంచం ముందు నుంచి లేచి రైల్వే కాలనీ గేటు దాకా ఒకటే పరుగు. ఎర్ర కోట్లు, బుగ్గలు పూరించి ఊదే బాకాలు... కళ్లారా చూసేలోపే దాటిపోయేవి.

ఆ బ్యాండుని నేను మొదటిసారి తనివితీరా చూసింది మా పిన్ని పెళ్లిలో. రెండు వేల మూడో, నాలుగో... నాకు తొమ్మిదేళ్లుంటాయి.

అమ్మమ్మ వాళ్లది విజయనగరం వైపు. అమ్మ పెళ్లి అక్కడే సన్నాయి, డోలుతో జరిగింది. తర్వాత అమ్మమ్మ మా దగ్గరికే వచ్చేసింది గనక పిన్ని పెళ్లి మాత్రం ఇక్కడే, కాలనీ హాల్లో, పట్టపగలు ముహూర్తం. సన్నాయి వాళ్లు ఇక్కడెక్కడ దొరుకుతారు?

"బ్యాండ్ పక్కా చేసేశాను అత్తయ్యా, ఫికర్ చెయ్యకండి" అన్నారు నాన్న.

"ఏదో ఒహటి బాబూ... మేళం మాత్రం గట్టిగుండాల" అంది అమ్మమ్మ.

ఇక్కడ పెళ్లిళ్లన్నీ రాత్రిపూటే గనక బ్యాండ్ వాళ్లు పగటి పెళ్లేమిటని కాస్త విడ్డూరపడ్డారు గానీ, వాయించడంలో ఏ లోటూ చెయ్యలేదు. పెళ్లికొడుకుని గేటు దాకా తెచ్చి, ఆఖరి పాట అదరగొట్టేశారు. అందరం లోపలికి వెళ్లిపోయాం.

జీలకర్ర బెల్లం వేళయింది. పంతులుగారు చెయ్యి ఊపి "మేళం... మేళం!" అన్నారు. చప్పుడు లేదు. మళ్లీ అన్నారు. ఫ్యాన్లు తిరుగుతున్న శబ్దం తప్ప ఏమీ లేదు. సరిగ్గా పెళ్లికూతురి తల మీద చెయ్యి పడే క్షణంలో, పెళ్లికొడుకు మేనమామగారు తుమ్మారు. అలాంటిలాంటి తుమ్ము కాదు... హాలంతా వినిపించింది.

అసలు మేళం ఉండేదే ఇలాంటివి చెవిన పడకుండా కదా! పిన్ని మొహం పాలిపోయింది. ఆడవాళ్లు గుసగుసలు మొదలెట్టారు.

"మేళగాళ్లేరీ?" అంది అమ్మమ్మ.

"వాళ్లు నికల్ గయే అత్తయ్యా... వెళ్లిపోయారు" అన్నారు నాన్న.

అప్పుడు తెలిసింది మాకు. ఇక్కడి పెళ్లిళ్లలో బ్యాండ్ పని ఊరేగింపు వరకే. పెళ్లికొడుకు గేటు దాటితే వాళ్ల డ్యూటీ అయిపోయినట్టే. నాన్న ఆ ముక్క అడగలేదు, వాళ్లకి చెప్పాలని తోచలేదు.

"పోనీ టేప్ పెట్టేద్దాం" అన్నారెవరో.

అమ్మమ్మ పట్టుచీర కొంగు బిగించి లేచింది. "పెద్దదానికి ఊరంతా దద్దరిల్లింది. దీనికి మూగపెళ్లి సేత్తానేటి? పంతులుగారూ, నానొచ్చీదాకా తాళి ముట్టుకోకండి!" అని, నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కెళ్లింది. ఆవిడకి హిందీ అంతంతమాత్రం... నేను బళ్లో చదివేది హిందీ మీడియం.

అదృష్టం బాగుండి వాళ్లు ఎంతో దూరం పోలేదు. మలుపులో టిఫిన్ బండి దగ్గర కోట్ల గుండీలు విప్పుకుని పోహా జలేబీ తింటున్నారు. పోహా అంటే మన అటుకుల ఉప్మాయే.

"ఆవ్, ఆవ్, అందర్ ఆవ్!" అని లోపలికి పిలిచింది అమ్మమ్మ.

బాకా మాస్టారు బిత్తరపోయాడు. "మండప్ మే బాజా? పండిత్‌జీ డాంటేంగే దాయీ!" అన్నాడు. పంతులు తిడతాడని ఆయన భయం. దాయీ అంటే వాళ్ల మాటలో అమ్మ.

తిట్టరు, తాళి కట్టేటప్పుడు వాయించాలని నేను చెప్పాను. ఏ పాట అని అడిగాడు.

"గానా నై! ఆవాజ్... బస్ ఆవాజ్!" పాట కాదు, చప్పుడు చాలంటూ అమ్మమ్మ ఆయన చేతిలో చెంచా లాక్కుని పళ్లెం మీద టకటకటకా వాయించేసింది. పోహా అంతా ఎగిరిపడింది. "నా సెయ్యి లేత్తే మొదలెట్టాల. దిగీదాకా ఆపకూడదు. సెప్పవే బుల్లీ!"

చెప్పాను. మాస్టారు జలేబీ వదిలేసి కోటు గుండీలు పెట్టుకున్నాడు.

బూట్లు విప్పేసి, ఎర్ర కోట్లతో, ఉత్త కాళ్లతో మండపం పక్కన వరసగా నిలబడ్డారందరూ. ఎవరూ పంతులుగారి వంక చూడలేదు. అందరి చూపూ అమ్మమ్మ చేతి మీదే. "గట్టిమేళం!" అన్నారు పంతులుగారు. చెయ్యి లేచింది...

అబ్బ! రేకుల కప్పు ఎగిరిపోతుందనుకున్నాను. బాకాలు, డ్రమ్ములు, తాళాలు... రాగం లేదు, పాట లేదు, ఒకటే హోరు. మాస్టారి మెడ నరాలు ఉబ్బడం నేను అంత దగ్గరగా చూశాను. మూడో ముడి పడేదాకా అమ్మమ్మ చెయ్యి దించలేదు. మేనమామగారు మళ్లీ తుమ్మారట... ఎవరికి వినిపించింది గనక! పిన్ని ఏడుస్తూనే నవ్వేసింది.

ఆ తర్వాత కాలనీలో ఏ తెలుగువాళ్ల పెళ్లికి పిలిచినా మాస్టారు తనే ముందు అడిగేవాడు... "హాథ్ కౌన్ ఉఠాయేగా?" అని, చెయ్యి ఎత్తేదెవరని. అమ్మమ్మ ఉన్నన్నాళ్లూ చెయ్యి ఎత్తింది ఆవిడే.

ఇప్పుడు తెలీబంధా చెరువు చుట్టూ కెఫేల ముందు లైవ్ మ్యూజిక్ అని బోర్డులు. కాఫీ తాగుతూ గిటారు వినొచ్చు, బాగానే ఉంటుంది. వచ్చే నెల పిన్ని కూతురి పెళ్లి. ఈవెంట్ కుర్రాడు "గట్టిమేళం పెన్‌డ్రైవ్‌లో ఉంది ఆంటీ, బటన్ నొక్కడమే" అన్నాడు.

కుదరదన్నాను. రెండు ఆదివారాలు తిరిగాను. ఆఖరికి భన్‌పురి వైపు ఒక బ్యాండ్ దొరికింది. "గేట్ తక్ హీ బజాతే హై మేడమ్" అన్నారు. గేటు దగ్గర ఆగితే ఒప్పుకోనన్నాను. ఇది చదివే మిమ్మల్నీ అడుగుతున్నాను, మీ ఊళ్లో తాళి కట్టేటప్పుడు ఇంకా మనుషులే వాయిస్తున్నారా? ఎవరిని పిలుస్తున్నారో రాయండి, నాలాగా వెతుక్కునేవాళ్లు ఇంకా ఉంటారు...

సరే, లోపలికి వస్తామన్నారు భన్‌పురి బ్యాండ్ వాళ్లు. మరి ఎప్పుడు మొదలెట్టాలో మాకెలా తెలుస్తుందని అడిగారు.

నా చెయ్యి చూడమన్నాను.