రెండు దినాల నడక, ఇరవై దినాల దవాఖాన

నడక మొదలువెట్టిన రెండో దినం, పగటీలి ఒంటిగంట అయితుండొచ్చు. నర్సాపూర్ అడవి ఇంక రాలేదు. రోడ్డు పక్కన తుమ్మచెట్ల చాటుకు పోయి కూసున్న. పొద్దుగాల్ల సంది ఒంటికి పోవుడు అదే మొదటిసారి. వచ్చింది నాలుగు చుక్కలు, గవి గూడ చాయ్ డికాక్షన్ రంగుల ఉన్నయ్. చూసిన, బట్టలు సర్దుకున్న, బ్యాగు భుజానికేసుకొని మళ్ల నడిచిన. ఎవ్వరికీ చెప్పలేదు. గింత సోయిలేని మనిషి ఇంకొకరు ఉంటరని నేనైతే అనుకోను.

నా పేరు విజయ. నలభై ఆరేండ్లు. ఉండేది మెదక్‌ల, చేసేది బస్సు కండక్టర్ పని. పద్దెనిమిదేండ్ల సంది నిలవడే ఉన్న. ఈ పనిల ఆడోళ్లకు ఎవ్వరు నేర్పకుంటనే ఒక విద్య వస్తది, నీళ్లు తాగకుంట ఉండుడు. డ్యూటీ ఎక్కేముందు ఒంటికి పోతం, మళ్ల దిగినంకనే. నడుమ గొంతు తడుపుకుంటం, అంతే. నేను దీన్ని మస్తు గొప్ప అనుకునేదాన్ని. కొత్తగ చేరిన పిల్ల ఎవరన్న "అక్కా, ఒక్క నిమిషం పోయొస్త" అంటే, గింత ఓర్చుకోలేనిదానివి ఈ పనికెందుకు వచ్చినవ్ అని మొకం మీదనే అనేదాన్ని.

ఇగ నడక ముచ్చట. మెదక్‌ల జిమ్ పెట్టి ఏడాది తిరగకముందే మూసుకున్న రఘు అనే ఆయన, మెదక్ నుంచి సాగర్ డ్యాం దాక పన్నెండు దినాల నడక పెట్టిండు. ఎవరి బ్యాగు వాళ్లే మొయ్యాలె, ఎన్క బండి రాదు. అదే దాంట్ల గొప్పనట. బయలెల్లేముందు ఒక్కొక్కరి బ్యాగును కొక్కెం కాంటకు ఏలాడదీసి తూకం చూసిండు. నాది పదకొండు కిలోలు. ఆయనది ఆరు. లీడర్ కదా, తేలికగ ఉండాలె మరి. మేం మొత్తం తొమ్మిది మందిమి. మా గల్లీల బ్లౌజులు కుట్టే షాహీన్ గూడ వచ్చింది, ఒళ్లు తగ్గించుమని డాక్టర్ చెప్పిండని. దాని బ్యాగుల సగం నీళ్ల సీసలే. చూసి నేను నవ్విన. పెండ్లికి పోతున్నవా, నడకకు వస్తున్నవా అన్న.

మొదటి దినం కౌడిపల్లి దిక్కు నడిచినం. గంటకొకసారి షాహీన్ ఆగేది. "అక్కా, జర చున్నీ పట్టు" అనేది. నేను చున్నీ అడ్డం పట్టుకొని ఇటు రోడ్డు దిక్కు మొకం పెట్టి నిలవడేదాన్ని, లోపల తిట్టుకుంట. ఏం మనిషివే, చిన్నపిల్లల కంటె అధ్వానం అని. పొద్దు మునిగేసరికి నేను తాగింది అర లీటర్ సీస ఒకటి. అది రోజు నేను డ్యూటీ చేసే రోడ్డే. మా డ్రైవర్లు హారన్ కొట్టి, ఎక్కు అక్కా అని నవ్వుకుంట పోతుంటే, చెయ్యి ఊపిన. నాకంటె తోపు ఎవ్వరు లేరనుకున్న.

ఆ పొద్దూకి పిక్కలు కట్టెల లెక్క అయినయ్. బస చేసిన ఊర్లె రఘు ఒక ఆర్ఎంపీని పిలుచుకొచ్చిండు. ఆయన సూది పట్టుకొని వరుసగ అందరికి పొడుసుకుంట పోయిండు, ఎవ్వరిని ఒక్క మాట అడగలేదు. నొప్పి గోలీల పట్టీ గూడ చేతిల పెట్టిండు, మూడు పూటల వేసుకోమని. షాహీన్ ఒక్కతే వద్దన్నది. నడిస్తే నొస్తది, నొస్తే పండుకుంట అన్నది. పిరికిది అనుకున్న. నేను సూది వేసుకున్న, గోలీలు గూడ చెప్పినట్టే వేసుకున్న. సూది నొప్పిని కప్పిపెట్టింది, నొప్పే పోయిందని నేననుకున్న.

రెండో దినం ఆ నల్ల ఉచ్చ చూసినంక రెండుసార్లు కక్కిన. రఘు వచ్చి నా భుజం తట్టి, "అక్కా, శరీరం అబద్ధం ఆడుతది. మనసును అడుగు" అన్నడు. జిమ్ నడపరానోడు నాకు తత్వం చెప్తుంటే, నేను నెత్తి ఊపిన. ఇప్పుడు తలుసుకుంటే ఆయన మీద కంటె నా మీదనే నాకు అసహ్యమైతది. ఆ పొద్దూకి నర్సాపూర్ చేరినంక ఇంకో సూది వేయించుకున్న.

మూడో దినం తెల్లారంగనే బూట్లల్ల కాళ్లు పట్టలేదు. మొకం ఉబ్బింది. తొడలు లేస్తలేవు. ఎట్లనో గోడ పట్టుకొని బాత్రూంకు పోతుంటే షాహీన్ ఎన్కనే వచ్చింది. నిన్నటి సంది ఒంటికి ఎన్నిసార్లు పోయినవ్ అని అడిగింది. ఒక్కసారి అన్న. ఏ రంగు అన్నది. చెప్పిన. షాహీన్ నా బ్యాగు, దాని బ్యాగు రెండు భుజాలకు తగిలేసుకొని రోడ్డు మీదికి పోయి, మెదక్ దిక్కు వచ్చే బస్సుకు అడ్డం నిలవడ్డది. డ్రైవర్ యాదగిరి అన్న నన్ను గుర్తువట్టి, రెక్కలు పట్టి ఎక్కించిండు. నేను వద్దని లొల్లి పెట్టిన. అంతమంది ముందల ఇజ్జత్ పోయిందని ఏడ్చిన. పానం పోతున్న సంగతి నాకు తట్టలేదు. రఘు కింద నిలవడి ఫోటో తీస్తుండు.

మెదక్ దవాఖానల చిన్న వయసు డాక్టరమ్మ నా దిక్కు చూసుకుంటనే రెండు మాటలు అడిగింది, యూరిన్ ఎప్పుడు పోయినవ్, పెయిన్ కిల్లర్ ఎన్ని వేసుకున్నవ్ అని. సూదులు రెండు, గోలీలు ఐదు అన్న. రక్తం తీసిన్రు, ఈసీజీ తీసిన్రు. కిడ్నీల పని ఎట్లున్నదో చెప్పే క్రియాటినిన్ ఐదు దాటింది, ఒకటి దగ్గర ఉండాల్సింది. పొటాషియం గూడ ఎక్కువున్నది, గుండె ఆగే ఖతరా ఉన్నదని అంబులెన్స్ ఎక్కించి హైదరాబాద్ పంపిన్రు. మా ఆయన నర్సింలు రైస్ మిల్లు నుంచి పనిబట్టల మీదనే ఉరికొచ్చి ఎక్కిండు.

అక్కడి కిడ్నీల డాక్టర్ పెద్దాయన. అరిసేటోడు కాదు, ఓదార్చేటోడు కాదు. కండలు విరిగి ఆ చెత్తంత రక్తంల కలిసిందట, దాన్ని రాబ్డోమయోలైసిస్ అంటరట. నీళ్లు లేక ఎండిన కిడ్నీల మీద అది పడ్డది, పైనుంచి పెయిన్ కిల్లర్లు పడ్డయ్. రెండు కిడ్నీలు పని ఆపేసినయ్.

"సార్, మళ్ల వస్తయా?" అని అడిగిన.

"రావచ్చు అమ్మా. రాకపోవచ్చు. ఇప్పుడు డయాలసిస్ చేద్దాం, చూద్దాం" అన్నడు.

మెడల ట్యూబ్ పెట్టి డయాలసిస్ మొదలువెట్టిన్రు. పక్క బెడ్ ఆమె నాలుగేండ్ల సంది వారానికి మూడుసార్లు వస్తుందట. నీకు కొత్తనా అని నెమ్మదిగ అడిగింది. ఆ మాటతోటి నాకు బుగులు పుట్టింది. వారంల మూడు దినాలు మిషన్‌కు కట్టేస్తే ఇగ నా పనేంది, నా కాళ్ల మీద నేను నిలవడుడేంది. దవాఖానకు వచ్చినంక ఒక్కసారి గూడ ఏడ్వనిదాన్ని, ఆ దినం మా ఆయన చెయ్యి పట్టుకొని వార్డంత ఇనవడేటట్టు ఏడ్చిన.

అక్కడ్నుంచి నా బతుకంత ఒక ప్లాస్టిక్ జగ్గుకు వచ్చింది. ఎంత యూరిన్ వస్తే అంత కొలిచి రాయాలె. ఆ పని మా ఆయనది. మొదటి దినమంతకు అరవై ఎంఎల్. మరునాడు తొంభై. జర ఆశ పుట్టంగనే చలిజ్వరం వచ్చింది, మెడల ట్యూబ్‌కు ఇన్ఫెక్షన్ అన్నరు. అది తీసి ఇంకోదిక్కు పెట్టిన్రు. యూరిన్ నలభైకి పడిపోయింది. మా ఆయన ఆ అంకె రాసి, కాగితం బోర్లేసి, జగ్గు కడుగబోయిండు.

చూడొచ్చినోళ్ల ముచ్చట చెప్పకపోతే నా కడుపు మంట చల్లారదు. మా మేనత్త కిడ్నీలకు మంచిదని కొండపిండాకు కషాయం సీసల తెచ్చింది. డాక్టర్‌ను అడిగితే, ఏ ఆకు రసమైన వడగట్టాల్సింది ఆ కిడ్నీయే కదమ్మా అన్నడు. అత్తా, నీకే మంచిది, నువ్వే తాగు అన్న. అలిగి పోయింది, పోనీ. నడక ఒడగొట్టుకొని రఘు గూడ వచ్చిండు, రిబ్బన్ కట్టిన బిళ్ల ఒకటి పట్టుకొని. బిళ్ల మీద నా పేరున్నది. అంతకుముందే నేను బస్సెక్కిన ఫోటో గ్రూపుల పెట్టిండు, మనసు ముందుగాల ఓడిపోతది అని కింద రాసి. బెడ్ పక్కన కూసోని సాగర్ కాడ గాలి ఎంత బాగున్నదో చెప్పుడు మొదలువెట్టిండు.

"రఘూ, మనసును అడుగుమన్నవ్ కదా. నీ మనసు ఎప్పుడన్న ఒంటికి పోయిందా?" అన్న.

బిళ్ల టేబుల్ మీద పెట్టి లేచిపోయిండు. దాన్ని మా ఆయన చెత్తడబ్బల ఏసిండు.

పదకొండో దినం జగ్గుల నాలుగొందలు వచ్చింది. మా ఆయన ఆ జగ్గు రెండు చేతుల పట్టుకొని నర్సు కాడికి ఉరికిండు. ఇది అన్నిటికంటె మంచి రిపోర్ట్ అని డాక్టర్ మొదటిసారి నవ్విండు. ఆ తర్వాత డయాలసిస్ అవసరం పడలేదు. ఇరవయ్యో దినం ఇంటికి పంపిన్రు.

షాహీన్ ఆ దినం నా ఎంబడే బస్సెక్కింది, మళ్ల నడకకు పోనేలేదు. నేను ఇంటికొచ్చినంక దాని షాపుకు పోయి, నిన్ను మస్తు తక్కువ చూసిన, తప్పు నాదే అని చెప్పిన. తెలుసు అక్కా, నీ మొకంల కనవడేది అన్నది. మిషన్ మాత్రం ఆపలేదు.

ఇప్పుడు ఎనిమిది నెలలైంది. క్రియాటినిన్ ఒకటి పాయింట్ మూడు కాడ నిలవడ్డది, ఇంతకంటె దిగదేమో అంటరు. ఒళ్లు నొచ్చినా జ్వరమొచ్చినా, అడగకుంట ఏ గోలీ వేసుకునేది లేదు. నాలుగు నెలలకు డ్యూటీకి పోయిన. నీళ్లు తాగుతున్న. తాగితే ఒంటికి వస్తది కదా, మొదటి దినమే కౌడిపల్లి దాటినంక వచ్చింది. బస్సు నిండ జనం, నిలవడేటందుకు జాగ లేదు. డ్రైవర్‌తోని రెండు నిమిషాలు ఆపన్నా అన్న. ముందు సీటు పెద్దమనిషి ఒకాయన గడియారం చూసుకుంట, ఇండ్లకాడ పోయి రారాదా అని గొణిగిండు. నేను దిగిన.

తుమ్మల చాటుకు పోతుంటే ఎన్క చెప్పుల సప్పుడైంది. తిరిగి చూసిన. ముసలామె ఒకామె, కాలేజీ ఆడపిల్లలు ఇద్దరు, సంకల పిల్లతోటి ఒకామె, ఇంక ముగ్గురు ఆడోళ్లు.  ఇన్నేండ్లు ఈ రోడ్డు మీద నేను బస్సుల నిలవడితే, నా ముందల వాళ్లు గూడ నా లెక్కనే ఒంటికి బిగవట్టుకొని కూసున్నరు. ఇది సదివే ఆడోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. నీళ్లు తాగుండ్రి, వస్తే దిగుండ్రి. బస్సు ఆగుతది.