పదికి ఎంత?

మారేడ్‌పల్లి ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఉన్న సిస్టర్‌కు ఒకటే పలకరింపు: "నొప్పి పదికి ఎంత?"

గుండె పట్టుకుని చేరిన మా ఆయన చొక్కా చెమటకు తడిసి ముద్దయింది. అయినా గంభీరంగా "రెండు" అన్నాడు.

సిస్టర్ ఆయన ఛాతీకి వైర్లు అంటిస్తూనే నావైపు చూసింది. "అమ్మా, మీరు జెర బయటికి పోండి. పెండ్లాం ముందర మగోళ్లకు నొప్పి రెండు దాటదు."

తెర అవతల నిలబడ్డాను.

"ఇప్పుడు చెప్పండి సార్, పదికి ఎంత?"

"తొమ్మిది, సిస్టరమ్మా." గొంతులో ఏడుపు.

"నాకెర్కే. మీరు రెండన్నప్పుడే డాక్టర్‌ను పిలిచిన. వస్తున్నడు."

తట్టుకోలేక తెర జరిపాను. నన్ను చూడగానే మా ఆయన, "ఏం లేదే, ఉత్త గ్యాస్" అన్నాడు.

సిస్టర్ తలెత్తకుండా చార్టులో తొమ్మిది వేసింది.