మా ఆయన పింగాణీ వాచీ

నాకు అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది.

ఈ రోజు మా ఆయన తద్దినం. రాజమండ్రిలో బట్టల కొట్టు నడిపినన్నాళ్లూ ఆయన చేతికి ఒకటే వాచీ ఉండేది. కాకినాడ రేవులో ఒక ఓడ మనిషి దగ్గర మోజుపడి కొన్న జపాను వాచీ. దాని ముఖమంతా తెల్లటి పింగాణీ, దాని మీద చేత్తో వేసిన నీలి పూలు. మా అబ్బాయి అది పెట్టుకునే తద్దినానికి కూర్చోవాలని నేను పట్టుబట్టాను.

"పింగాణీ మడికి పనికిరాదండి, తీయించండి" అన్నారు పంతులుగారు.

"నిన్న మా ఇంట్లో మీరు కాఫీ తాగింది పింగాణీ కప్పులోనే కదండీ!"

"అది కాఫీ అమ్మా, ఇది కర్మ."

మావాడు వెంటనే వాచీ తీసి నాకిచ్చేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కాసేపటికి ఆ పంతులుగారే, "వేళ దాటిపోతుందేమో, టైమెంతయిందో చూపించండమ్మా" అన్నారు.

"మడికి పనికిరానిది టైముకెలా పనికొస్తుందండీ?" అని వాచీని గుప్పిట్లో బిగించాను.

పంతులుగారు నిట్టూర్చి మావాడితో, "పెట్టుకో నాయనా, పెట్టుకునే చూసి చెప్పు" అన్నారు.

ఆ మాటేదో ముందే అనుంటే మా ఆయన పిండం కోసం అంతసేపు ఆకలితో కూర్చునేవారా? మీరే చెప్పండి.